కోరిన్ బాకా ఇంటి చిరునామా

కోరిన్ రాసిచ్చిన ఫిర్యాదు కాగితం పోలీసు డెప్యూటీ లైల్ స్ట్రౌడ్ చేతిలో ఒక్క పూట కూడా నిలవలేదు. పొద్దున తొమ్మిదింటికి ఆమె ఆ కాగితం ఇచ్చింది. భర్త తనను ఏం చేశాడో అందులో రాసింది. ఇప్పుడు ఎక్కడ తలదాచుకుంటోందో కూడా రాసింది, వాళ్లు అడిగారు కాబట్టి. మధ్యాహ్నం భోజనాల వేళకి లైల్ ఆ కాగితాన్ని ఆమె భర్త డ్వేన్ హాల్బర్ట్‌కి కాఫీ తాగుతూ చదివి వినిపించాడు. ఇద్దరూ ఏటా కలిసి దుప్పుల వేటకి వెళ్లేవాళ్లు. సాయంత్రం నాలుగింటికి డ్వేన్ ఆమె పినతల్లి కూతురి ఇంటి తలుపు కాలితో తన్ని లోపలికి వచ్చాడు. కోరిన్ మెడ కింది ఎముక రెండు ముక్కలైంది. కౌంటీ వాళ్లు విచారణ చేసి, కాగితం పొరపాటున బయటికి పోయిందని తేల్చారు. లైల్‌కి ఏమీ కాలేదు. ఇలాంటి పొరపాట్లు ఎప్పుడూ ఒకవైపుకే జరుగుతాయి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆమెకి తుపాకీ ఇచ్చింది పక్కింటి ఇనెజ్. డెబ్బై ఆరేళ్ల ముసలామె, మొగుడు పోయి ఒక్కతే ఉండేది. రొట్టెల పిండి అంటిన చేతుల్తోనే వంటింటి సొరుగులోంచి పాత రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టింది. "మా ఆయనది. ఆరు గుళ్లున్నాయి. నీ అక్కర తీరాక తెచ్చివ్వు" అంది, జల్లెడ అరువిస్తున్నంత మామూలుగా. డ్వేన్ జామీను మీద బయట ఉన్న తొమ్మిది రోజులూ కోరిన్ స్నానాల గది తలుపుకి వీపు ఆనించి, ఆ రివాల్వర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేల్చలేదు. రెండుసార్లు అతని ట్రక్కు ఇంటి ముందు నెమ్మదించి, ఆగి, వెళ్లిపోయింది. పదో రోజున అతన్ని కోర్టు లోపల వేసింది, అదీ నలభై రోజులకే. ఆ నలభై రోజుల్లో ఆమె రివాల్వర్ తిరిగిచ్చేసి, నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఈ నది ఒడ్డు ఊరికి వచ్చేసింది. తల్లి ఇంటిపేరు బాకా పెట్టుకుంది.

ఇది ఆరేళ్ల కిందటి మాట. ఈ ఊళ్లో ఆమె ఓర్విల్ కెస్లర్ దుకాణంలో పనికి కుదిరింది. వేటగాళ్లు కొట్టి తెచ్చిన దుప్పుల్నీ, వాటికంటే పెద్దవైన ఎల్కుల్నీ కోసి, తెల్ల కాగితంలో చుట్టి, ఇచ్చే దుకాణం అది. నలభై ఏళ్లుగా ఎముకల రంపం పక్కన నిలబడి ఓర్విల్‌కి ఒక చెవి పోయింది. కోరిన్ కత్తి చురుకు. ఒక పెద్ద దుప్పిని నలభై నిమిషాల్లో పొట్లాలు చేసేది. వేటగాళ్లందరూ ఆమెకి తెలుసు, ఆమె మాత్రం ఎవరికీ తెలీదు. ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెకి వచ్చేవి. కాలవ అవతల, ఒంటరి బాట చివర ఒక ట్రెయిలర్ ఇల్లు అద్దెకి తీసుకుంది. ఇంటి నంబరు పలకని స్తంభం నుంచి తానే ఊడబీకింది. ఇంటి దాకా బాటంతా కంకర పోయించింది, చక్రం తిరిగితే చప్పుడు వినబడాలని. ట్రక్కుని ఎప్పుడూ ముక్కు బయటికి పెట్టి నిలిపేది. తన పేరున, అన్ని తనిఖీలూ అయ్యాక కొన్న చిన్న పిస్తోలు మంచం పక్కన ఉండేది. ఓటర్ల జాబితాలో కూడా ఆమె చిరునామా కనబడదు. ప్రాణభయం ఉందని రాసిస్తే కౌంటీ గుమాస్తా ఆ వరసని మూసి ఉంచుతుంది.

ఆ వసంతంలో రాష్ట్ర శాసనసభ తుపాకుల మీద కొత్త చట్టాలు చేసింది. అందులో ఒకటి, అమ్మినా సరే, అరువిచ్చినా సరే, ఇద్దరూ లైసెన్సున్న దుకాణానికి వెళ్లి తనిఖీ చేయించుకోవాలని. లేకపోతే ఇచ్చినవాళ్ల మీద కేసు. ఈ జిల్లా నుంచి రాష్ట్ర సెనేట్‌లో ఉన్న గ్రాంట్ హోలిస్టర్ దానికి ఓటేశాడు. ఆ వార్త వచ్చిన రోజు దుకాణంలో నలుగురు వేటగాళ్లు కూర్చుని నోటికొచ్చింది తిడుతున్నారు. కోరిన్ కత్తి నూరుతూ తల ఎత్తకుండా అంది:

"ఇనెజ్‌ని జైల్లో పెట్టేవాళ్లు."

"ఇనెజ్ ఎవరు?" అన్నాడు ఓర్విల్, మంచి చెవి ఇటు తిప్పి.

"ఒకావిడ" అంది, అంతే.

పదవీకాలం తీరకముందే హోలిస్టర్‌ని దించడానికి ఓటు పెట్టాలంటే అరవై రోజుల్లో ఏడువేల రెండు వందల సంతకాలు కావాలి. ఆ పని ఓర్విల్ నెత్తిన వేసుకున్నాడు. దాణా కొట్టు ముందు డేరా వేశాడు. బల్ల మీద సంతకాల పుస్తకాలు, గాలికి ఎగరకుండా వాటి మీద రాళ్లు, తాడుతో కట్టిన పెన్నులు. కోరిన్ తనంతట తానే వచ్చి ఒక పుస్తకం తీసుకుంది. ఎప్పుడూ నలుగురిలోకి రాని మనిషి అలా వచ్చేసరికి ఓర్విల్ ఆశ్చర్యపోయాడు గానీ, కారణం అడగలేదు. సంతకాలు కావలసినవాడు కారణాలు అడగడు.

ఆమె పుస్తకాలు అందరికంటే ముందు నిండేవి. పెన్ను కదలడం పుస్తకం మోసిన మనిషి స్వయంగా చూడాలని నిబంధన. కోరిన్ కన్ను మరల్చకుండా చూసేది.

"కోరిన్, కిందటేడు నా దుప్పిని చుట్టినట్టే నా సంతకాన్ని కూడా జాగ్రత్తగా చుట్టు" అన్నాడు మెర్ల్ అనే ముసలి వేటగాడు.

"మీ దుప్పి కంటే మీ సంతకమే పెద్దది లెండి మెర్ల్."

"చూశావా ఓర్విల్, నీ దుకాణంలో మర్యాద."

"మర్యాదకి వేరే ధర" అన్నాడు ఓర్విల్.

ఒక మధ్యాహ్నం హోలిస్టరే డేరా దగ్గరికి వచ్చాడు. సెనేట్‌కి వెళ్లకముందు అతను పశువుల డాక్టరు. ఓర్విల్ వాళ్లన్న ఆవుకి అర్ధరాత్రి కాన్పు చేసినవాడు. ఎండకి మొహం కందిపోయి ఉంది. "నీళ్లు దొరుకుతాయా?" అన్నాడు.

కోరిన్ కప్పు నింపి ఇచ్చింది. "సంతకం పెడతారా సెనేటర్?"

"నా భార్య ఊరుకోదు" అని నవ్వి, పుస్తకం మీద అచ్చేసిన నాలుగు వాక్యాలూ చదివాడు. "ఇందులో ఒక చట్టం సంగతే రాశారు. అదే వారం నేను ఇంకోదానికి కూడా ఓటేశాను. కోర్టు ఒక ఆడమనిషికి రక్షణ ఉత్తర్వు ఇస్తే, ఆ మొగుడు తన తుపాకులన్నీ అప్పజెప్పాలి. అది తెలుసా నీకు?"

"చదివాను."

"మరి?"

"అప్పజెప్పాల్సింది అతనే కదండీ. ఎన్ని ఉన్నాయో చెప్పాల్సిందీ అతనే. ఏడుంటే రెండు తెస్తాడు, రసీదు తీసుకుంటాడు. మిగతా అయిదు ఎక్కడ దాస్తాడో భార్యకి తెలుసు. మీ చట్టానికి తెలీదు."

హోలిస్టర్ కప్పు దించి ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు ఎవరి గురించి చెబుతున్నావమ్మా?"

"ఎవరి గురించీ కాదు. కోర్టుకి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవడానికి పదకొండు రోజులు పడుతుంది. పక్కింటావిడ సొరుగు తెరవడానికి ఒక్క నిమిషం చాలు. ఆవిణ్ణి మీరు నేరస్తురాల్ని చేశారు."

"నాకు అలా ఎవరూ చెప్పలేదు" అన్నాడు అతను మెల్లగా.

"మీరు ఎవర్నీ అడగలేదు."

అతను కప్పు బల్ల మీద పెట్టి, నీళ్లకి థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. చెడ్డ మనిషి కాదు. వెనక నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు ఈలలు వేశారు. కోరిన్ మాత్రం తల వంచి నిండిన పేజీలు సర్దింది. ఆ నాలుగు మాటల్లో తాను ఎంత బయటపెట్టేసిందో అప్పుడు తెలిసింది. తుపాకులు ఏడు అని లెక్క కూడా చెప్పేసింది.

అసలు భయం నాలుగో వారంలో వచ్చింది.

రాష్ట్రం నలుమూలల నుంచీ తుపాకుల క్లబ్బుల వాళ్లు సాయానికి వస్తున్నారని ఓర్విల్ సంబరపడుతున్నాడు. ఆ శనివారం ఒక పెద్ద ట్రక్కు, వెనక పొగ పొయ్యి తగిలించుకుని వచ్చి ఆగింది. గొడ్డు మాంసం కాలిన వాసన డేరా అంతా కమ్ముకుంది. దిగిన ఇద్దరి టోపీల మీద 'డ్రై ఫోర్క్ క్లబ్బు' అని కుట్టి ఉంది.  డ్వేన్‌తో ఉన్నప్పుడు ఆ టోపీలాంటిదే ఒకటి కోరిన్ వంటింటి కొక్కేనికి తొమ్మిదేళ్లు వేలాడింది. కాగితాలు కిందపడ్డట్టు నటించి బల్ల కిందకి దూరింది. అక్కణ్ణించి వాళ్ల బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. నాలుగు బూట్లు. ఏవీ అతనివి కావు. మళ్లీ చూసింది. కావు.

"పొద్దున్నుంచీ వండుతూనే వచ్చాం, తినండి బాబూ" అంటున్నాడు ఒకడు. "వచ్చే శనివారం ఇంకో పదిమందిమి వస్తాం. సంతకాల్ని ఓటర్ల జాబితాతో సరిచూసే పని ఉంటుందంట కదా? మా కోశాధికారి డ్వేన్ హాల్బర్ట్ ఆ పని చూస్తాడు. ఒక్క అక్షరం తప్పున్నా పట్టేస్తాడు."

"అలాంటివాడే కావాలి మనకి" అన్నాడు ఓర్విల్.

వాళ్లు వెళ్లేదాకా కోరిన్ బల్ల కిందే ఉంది. ఓర్విల్ వంగి చూసి, "నీ నడుం పట్టేసిందా ఏంటి అమ్మాయ్?" అన్నాడు.  ఆమె లేచి దుకాణం వైపు నడిచింది. అతను వెనకాలే వెళ్లాడు. వేసవిలో ఖాళీగా ఉండే చల్లగదిలోకి వెళ్లి, వరసగా వేలాడే ఉత్త కొక్కేల మధ్య నిలబడి, ఆరేళ్లలో మొదటిసారి ఆమె అంతా చెప్పింది. లైల్, కాగితం, ఎముక, ఇనెజ్, తొమ్మిది రోజులు. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఓర్విల్ టోపీ తలకి పెట్టుకున్నాడు. "వాడు ఈ ఊళ్లో అడుగు పెట్టడు. సాయం అక్కర్లేదని క్లబ్బుకి ఇవాళే ఫోన్ చేస్తా."

"ఎందుకు అని అడుగుతారు."

"నాకు చెముడు. వినబడలేదంటా."

ఆమె నవ్వలేదు. తన పక్షాన నిలబడ్డవాళ్లలోనే డ్వేన్ కూడా ఉన్నాడన్న సంగతి ఆమెకి అంతవరకు తట్టలేదు. ఒకే డేరా, ఒకే కాగితం, ఒకే మాట. తుపాకీ మా హక్కు అని అతనూ అంటాడు, ఆమె కంటే గట్టిగా అంటాడు.

డ్రై ఫోర్క్ వాళ్లు మళ్లీ రాలేదు. కోరిన్ మాత్రం డేరాలో రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చునేది. ప్రతి బూడిదరంగు ట్రక్కుకీ ఆమె పెన్ను ఆగేది. అయినా మానలేదు. చివరి రోజుకి ముప్పై ఒక్క పుస్తకాలు నింపింది, తొమ్మిది వందల పన్నెండు సంతకాలు. మొత్తం ఏడువేల ఆరు వందల నలభై అయ్యాయి. తప్పులకి కొన్ని పోయినా గట్టెక్కుతాం అన్నాడు ఓర్విల్.

ఓర్విల్ ఏ పని చేసినా దుకాణం పద్ధతే. ముందు అంతా కోసి, అంతా చుట్టి, ముద్రలన్నీ ఆఖర్న ఒకేసారి వేస్తాడు. సంతకాల పుస్తకాల్ని కూడా అలాగే అలమరలో పేర్చాడు. ప్రతి పుస్తకం చివరి పేజీలో దాన్ని మోసిన మనిషి నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. నిండిన పుస్తకానికి అప్పటికప్పుడే ఆ పని చేయించి ఉంటే మొదటి వారంలోనే సంగతి తెలిసేది. కానీ నలభై ఏళ్ల అలవాటు. ఆఖరి ఆదివారం మధ్యాహ్నం నోటరీ విల్మా, బ్యాంకులో పనిచేసే ఆమె, ముద్ర పట్టుకుని దుకాణానికి వచ్చింది. మాంసం కోసే ఉక్కు బల్లని కడిగి, తుడిచి, పుస్తకాలు పరిచారు.

కోరిన్ మొదటి పుస్తకం చివరి పేజీ తిప్పింది. పేరు రాసింది. రెండో గీత దగ్గర ఆగిపోయింది.

"పోస్టు పెట్టె నంబరు రాయచ్చు కదా?"

విల్మా కళ్లద్దాలు సవరించుకుని చదివింది. "నివాసం ఉంటున్న ఇంటి చిరునామా. పెట్టె నంబరు చెల్లదు. ఇక్కడ లావు అక్షరాల్లో వేశారు చూడు."

"తర్వాత ఈ కాగితాలు ఎవరు చూస్తారు?"

"రాజధానికి వెళతాయి. అడిగినవాళ్లందరికీ నకలు ఇస్తారు. కిందటిసారి ఏకంగా ఇంటర్నెట్‌లోనే పెట్టేశారు, దొంగ సంతకాలు ఉంటే పట్టుకోండని."

 ఓర్విల్ గొంతు సవరించుకున్నాడు. "దుకాణం చిరునామా వెయ్యి."

"అది అబద్ధప్రమాణం" అంది విల్మా. "నా ముందు అలా అనకు ఓర్విల్. హోలిస్టర్ లాయర్లు ఒక్కో పేజీ జల్లెడ పడతారు. ఒక్క చిరునామా తప్పని తేలితే ఆ పుస్తకం మొత్తం పోతుంది. అన్నీ ఒకే మనిషివైతే అన్నీ పోతాయి."

తొమ్మిది వందల పన్నెండు తీసేస్తే మిగిలేవి ఏడువేలకి లోపే. లెక్క ముగ్గురికీ తెలుసు.

"పక్కన పెట్టేద్దాం" అన్నాడు ఓర్విల్. "నీ పుస్తకాలు పొయ్యిలో వేద్దాం. పోతే పోయింది. నీ ప్రాణం కంటే ఎక్కువా?" వద్దనైతే అన్నాడు గానీ, బల్ల మీంచి పెన్ను మాత్రం తీయలేదు. కోరిన్ అది చూసింది.

ఆమె పుస్తకం వెనక్కి తిప్పి పేర్లు చూసింది. మెర్ల్ పెద్ద సంతకం. తొంభై ఒక్కేళ్ల ఒకావిడ నాలుగుసార్లు ఆగి రాసిన పేరు. ఈ మనుషులందరూ చిరునామాలు ఎంత తేలిగ్గా రాసేశారో, వీధి, నంబరు, ఊరు, ఏమీ కానట్టు. ఆమెకి వాళ్ల మీద ఒక్క క్షణం అసూయ పుట్టింది. తర్వాత ఇనెజ్ చేతుల మీది పిండి కళ్లముందుకి వచ్చింది. ఆ సొరుగు ఇప్పుడు మూసే ఉంటుందా, తెరుస్తుందా? ఇంకో ఊళ్లో ఇంకో ఇనెజ్ భయపడి తలుపు వేసుకుంటుందా?

"ఒకటి చెప్పండి విల్మా. ఈ చిరునామా ఎప్పటిదాకా నిజమై ఉండాలి?"

"ప్రమాణం చేసిన రోజున. ఇవాళ నువ్వు అక్కడే ఉంటున్నావా?"

"ఇవాళ ఉంటున్నాను."

విల్మా ఆమె వైపు చూసి, ముద్రని సిరాలో అద్దింది. కోరిన్ చిరునామా రాసింది. మొదటిది రాసి, పెన్ను కిందపెట్టి సింకు దగ్గరికి వెళ్లి వాంతి చేసుకుంది. వచ్చి రెండోది రాసింది. ముప్పై ఒక్కసారి రాసింది. ఆఖరుకి వచ్చేసరికి అది ఎవరిదో ఇల్లులా అనిపించింది. ఓర్విల్ ఆ సేపంతా రంపాన్ని తుడుస్తూ నిలబడ్డాడు, అది అప్పటికే శుభ్రంగా ఉన్నా.

మర్నాడు పొద్దున ఆమె పనికి రాలేదు. ఓర్విల్ ట్రెయిలర్ దాకా వెళ్లాడు. తలుపు తాళం వేసి లేదు. లోపల తుడిచినట్టు ఉంది. మంచం పరుపు కూడా లేదు. ఆరేళ్లు పోగేసుకున్న కంకర మాత్రం ఎండలో మెరుస్తోంది.

సంతకాలు నిలిచాయి. సెప్టెంబరులో ఓటు జరిగింది. జిల్లా విడిచి వెళ్లింది కాబట్టి కోరిన్‌కి అందులో ఓటు లేదు.

అక్టోబరులో, వేట కాలం మొదలై దుకాణం దుప్పులతో కిటకిటలాడుతుంటే, ఎవరిదో ఫోన్ నుంచి ఆమె ఓర్విల్‌తో మాట్లాడింది. తాను రాసిన ఆ ఆఖరి పేజీల నకలు ఎవరు తీసుకున్నారో కనుక్కున్నారా అని అడిగింది. ఫోన్లో వద్దు, ఎక్కడున్నావో చెప్పు, వస్తానన్నాడు ఓర్విల్. ఆమె కనుమ దాటాక వచ్చే పెట్రోలు బంకు పేరు చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం బంకు పక్కన హోటల్లో, తలుపు కనబడేలా గోడకి ఆని కూర్చుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఓర్విల్ తెల్ల కాగితంలో చుట్టిన ఎల్కు సాసేజి పొట్లం బల్ల మీద పెట్టాడు.

"మూడు వందల నలభై ఓట్లతో పోయాడు హోలిస్టర్. నీ తొమ్మిది వందలు లేకపోతే ఓటే లేదు. ఆ రాత్రి మేమంతా నీ పేరు చెప్పి గ్లాసులెత్తాం."

"పేరు చెప్పారా?"

"అంటే, మనవాళ్లే కదా" అని ఓర్విల్ తడబడ్డాడు. కాఫీ కప్పు అటూ ఇటూ జరిపాడు. "కోరిన్, అతను వచ్చాడు."

ఆమె చూపు తలుపు మీదికి వెళ్లింది.

"పోయిన గురువారం. నీ చివరి పేజీ నకలు చేతిలో ఉంది. ముందు ట్రెయిలర్‌కే వెళ్లినట్టున్నాడు, బూట్లకి కంకర దుమ్ము. కానీ మర్యాదగా ఉన్నాడు. టోపీ తీశాడు. ఇంత పని చేసినావిడకి చేతులు కలిపి కృతజ్ఞతలు చెప్పుకోవాలన్నాడు. ఎక్కడికి వెళ్లిందో తెలీదన్నాను. సరేనన్నాడు. అరకిలో ఎండుమాంసం కొన్నాడు. వెళ్తూ వెళ్తూ నా ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చక్రాలు చూసి, మంచి బండి, ఏ సంవత్సరంది అని అడిగాడు. అంతే. గొడవేమీ చెయ్యలేదు."

కిటికీలోంచి ఓర్విల్ ట్రక్కు కనబడుతోంది, ఎండలో, బంకు ముందు. కోరిన్ దానివైపు చూసింది. దాని వెనక రోడ్డు వైపు చూసింది. పొట్లం ముట్టుకోకుండానే లేచి కోటు వేసుకుంది. తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, వంగి అతని మంచి చెవిలో చెప్పింది.

"అతనికి బళ్ల సంగతి నాకంటే, మీకంటే బాగా తెలుసు ఓర్విల్. ఏ సంవత్సరందో అడగాల్సిన పని లేదు. వంగి, మీ బండి కింద జాడ తెలిపేదేదో అంటించడానికి ఆ మాట అన్నాడు. నేను వెళ్లాక ఒక గంట ఇక్కడే కూర్చోండి. ఇక నా దగ్గరికి రాకండి."